అక్క పగడాలకు బావ చేసిన పంపు

రిపేరు బావ గురించి చెప్పేవాళ్ళెవరైనా ముందు ఆ వాషింగ్ మెషిన్ సంగతి చెప్పిగానీ అసలు సంగతిలోకి రారు. మూడో అంతస్తులో మూలుగుతూ పడి ఉన్న మెషిన్‌కి ఆయన బేరింగులు మార్చాడట. అది ఎంత హుషారుగా తిరిగిందంటే, గదిలోంచి నడుచుకుంటూ బయటికొచ్చి, వరండా దాటి, లిఫ్టు ముందు నిలబడిందట. ప్లగ్గు ఊడకపోయుంటే బటన్ కూడా నొక్కేదే. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది ఎంత జిగురు రాసినా అతకదు. కానీ ఆ మెషిన్ గల ఇల్లాలే ఒట్టేసి చెబుతుంటే కాదనడానికి మనమెవరం?

కింది అంతస్తులో ఉండే బావమరిది మెట్ల మీంచి "బావా, బావా" అని అరిచి అరిచి, భవనం మొత్తానికీ ఆయన్ని బావని చేసేశాడు. పళ్ళూడిన పెద్దాయన కూడా "బావగారూ, మా ఫ్యాను ఓసారి చూస్తారా" అనేవాడు.

ఊళ్ళో గొప్ప ఆయనదైనా, ఇంట్లో గొప్ప ఆయన భార్యది, అంటే ఆ బావమరిది అక్కది. ఆమె బట్టలు కుట్టేది. ముందుగదిలో కుట్టుమిషను పక్కనే బారెడు గాజు తొట్టి, దాన్నిండా ఉప్పునీళ్ళు, అందులో నాలుగు చేపలు, పగడాలు. ఎవరో తమ అక్వేరియం ఎత్తేస్తూ పారేయబోయిన గోరంత పగడం ముక్కని ఆమె అడిగి, చిన్న డబ్బాలో తెచ్చుకుంది. అది పెరిగి పెరిగి జింక కొమ్ములా కొమ్మలు వేసింది. ఒళ్ళంతా ఊదా, మొనల్లో నీలం. పిల్లలు లేని ఇంట్లో అదే పెరిగిన బిడ్డ అని చుట్టాలు జాలిగా అంటే, "పిల్లలైతే ఇంత చెప్పిన మాట వినేవాళ్ళా?" అని నవ్వేసేది.

పగడం చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ ప్రాణి. నీళ్ళలో ఉన్న సున్నాన్ని లాక్కుని ఎముక కట్టుకుంటుంది. తొట్టిలో అది రోజురోజుకీ తరిగిపోతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ పోస్తుండాలి. అందుకు రెండు సీసాలు. ఒకదాంట్లో కాల్షియం, రెండోదాంట్లో సోడా. రెండూ కావాలి, కానీ ఒకేచోట ఒకేసారి పడకూడదు. పడితే నీళ్ళు సుద్దయి విరిగిపోతాయి. వాటికి ఆమె అత్తాకోడళ్ళని పేరు పెట్టింది. "ఇద్దరూ లేకపోతే ఇల్లు గడవదు, ఇద్దరూ ఒక గదిలో ఉంటే ఇల్లే మిగలదు" అనేది. పొద్దున సిరంజితో అత్తగారిని, సాయంత్రం ఇంకో సిరంజితో కోడల్ని, గీత దాటకుండా పోసేది.

తర్వాత ఆమె చేతులు వణకడం మొదలైంది. ముందు సూదిలో దారం ఎక్కలేదు. ఆ తర్వాత కుట్లు వంకర్లు పోయాయి. డాక్టరు మందులిచ్చాడు గానీ, ఇది తగ్గేది కాదనీ, ముదురుతుందనీ కూడా చెప్పాడు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశారు. ఇక ఆ చేతులకి మిగిలిన పని తొట్టి ఒక్కటే. ఒకరోజు సిరంజి చేతిలో ఎగిరిపడి సోడా అంతా ఒకేచోట ఒలికింది. రెండు మొనలు తెల్లబడ్డాయి. ఆమె గాజుకి నుదురానించి కూర్చుంది.

"ఇంక నా వల్ల కాదండీ. నా చేత్తోనే చంపేసుకుంటాను దీన్ని."

"నీ చెయ్యి వణికినా నీళ్ళు వణకవు. నేనున్నానుగా" అన్నాడు బావ.

ఈ పని చేసే మెషిన్ అంగట్లో దొరక్కపోదు. దాని ధర వింటే మాత్రం పగడాలే తెల్లబోతాయి. బావ ఇలాంటివాటికి లొంగే రకమా? పెద్ద లాండ్రీల్లో సబ్బునీళ్ళు కొలిచి పంపే పంపులుంటాయి. మెత్తటి గొట్టాన్ని మూడు రోలర్లు నొక్కుకుంటూ తిరుగుతాయి. పేస్టు ట్యూబుని కింది నుంచి నొక్కుతామే, అలా. తుక్కులో పడేసిన రెండు పంపుల్ని తెచ్చి, వేడినీళ్ళతో నాలుగుసార్లు కడిగి, కొత్త గొట్టాలు వేశాడు. పాత సొరుగు పలక మీద బిగించాడు. ఫోను ఛార్జరుతో కరెంటు ఇచ్చాడు. వాటికి టైము చెప్పడానికి అగ్గిపెట్టెంత బోర్డు ఒకటి కొన్నాడు. లెక్కల మాస్టారితో మాటామాటా పెరిగి బడి మానేసిన మనిషి, ఫోనులో వీడియోలు చూసి ఆ బోర్డుకి పాఠం నేర్పాడు. కొలగ్లాసులోకి వదిలి చూస్తే చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు.

బావమరిది చూడటానికొచ్చాడు.

"బాగుంది బావా. ఏదీ, పోయించు."

"ఇప్పుడు కాదురా. దాని వేళకి అది పోస్తుంది."

"అంటే సాయంత్రం దాకా కాపలా కాయాలా? నువ్వు చేసింది మెషినా, ముహూర్తమా?"

బావకి కడుపు మండింది. అక్కడికక్కడే పాఠం మార్చాడు. ప్లగ్గు పెట్టగానే ముందు ఒక పూట మోతాదు కాల్షియం, క్షణం ఆగి ఒక పూట మోతాదు సోడా పోయాలి. ఎవరొచ్చినా ప్లగ్గు తీసి పెడితే చాలు, పంపులు గుర్రుమంటాయి. వచ్చినవాళ్ళు చప్పట్లు కొడతారు. ఒక్కసారి అలా పోస్తే తొట్టికి ఏమీ కాదులే అనుకున్నాడు. కరెంటు పోయినా వేళ మరిచిపోకుండా బిళ్ళ బ్యాటరీతో నడిచే గడియారం ఒకటి ఆ బోర్డుకి తగిలించాలని ఆయనకి తెలుసు. తెచ్చాడు కూడా. సొరుగులో ఉంది. తీరిక చూసుకుని పెడదామనుకున్నాడు.

మెషిన్ బాగానే నడిచింది. కొమ్మలకి కొత్త మొనలొచ్చాయి. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చునేది. ఒకసారి సీసా సర్దబోతే బావ ఆపేశాడు.

"దాని జోలికెళ్ళకు. గొట్టం కదిలితే లెక్క తప్పుతుంది."

"సరే. ఇంక దీనికి కూడా నాతో పని లేదన్నమాట" అంది. నవ్వుతూనే అంది. బావ ఆ నవ్వునే విన్నాడు.

ఓ మధ్యాహ్నం గాలివానొచ్చి కరెంటు కోతికొమ్మచ్చి ఆడింది. వస్తుంది, కాసేపు నిలుస్తుంది, పోతుంది. వచ్చినప్పుడల్లా బోర్డు అప్పుడే పుట్టినట్టు కళ్ళు తెరిచి, ఎవరో చుట్టం చూడ్డానికొచ్చాడనుకుని, అత్తనీ కోడల్నీ వరసగా తొట్టిలోకి తోసింది. బావ లాండ్రీలో, రిపేరుకొచ్చిన మెషిన్ డ్రమ్ములో తల దూర్చి ఉన్నాడు. చుట్టూ నలుగురు చూస్తున్నారు. ఫోను మోగింది.

"ఏవండీ, పంపులు ఊరికే తిరుగుతున్నాయి. నీళ్ళు మసకేస్తున్నాయి. ప్లగ్గు తీసేయనా?"

"ముట్టుకోకు. దానికి నీకన్నా బాగా తెలుసు" అన్నాడు బావ. నలుగురూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

ఆమె ముట్టుకోలేదు. ప్లగ్గు చేతికందే దూరంలోనే ఉంది. సీసాలు రెండూ అయిపోయేదాకా అక్కడే నిలబడి చూసింది.

ఆయన వచ్చేసరికి తొట్టి సున్నం కలిపిన బక్కెట్టులా ఉంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. బావమరిది పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి సగం నీళ్ళు తోడి పారబోశారు. ఇంట్లో ఉన్న సముద్రపు ఉప్పంతా కలిపి పోశారు. చాల్లేదు. బావమరిది ఇంకాస్త ఉప్పు ఎక్కడో పట్టుకొచ్చాడు.

చేపలు బతికాయి. పగడం చర్మం తడిసిన కాగితంలా ఊడొచ్చింది. ముందు అడుగున, తర్వాత కొమ్మల మీద. ఊదా రంగు నీళ్ళలో నూలుపోగుల్లా తేలింది. వారం తిరిగేసరికి తొట్టిలో తెల్లటి ఎముక మాత్రమే నిలబడి ఉంది.

బావ బోర్డుకి గడియారం తగిలించాడు. ప్లగ్గు పెట్టగానే పోసే పాఠం తీసేశాడు. పరీక్షించడానికి ప్లగ్గు తీసి పెట్టి, తీసి పెట్టి చూశాడు. మెషిన్ కిమ్మనలేదు. వేళ అయినప్పుడు మాత్రమే, కొలగ్లాసులోకి, కొలిచినట్టు పోసింది. ఇప్పుడది అంగట్లోదాన్ని తలదన్నే మెషిన్. ఇంటికొచ్చినవాళ్ళెవరికీ దాన్ని చూపించలేదు.

ఆమె ఆయన్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆయన రోజూ అన్నం ముందు కూర్చుని ఎదురుచూశాడు. చివరికి ఆమె అన్నది ఒకటే. "తొట్టి ఎవరికైనా ఇచ్చేయండి. చేపల్ని కూడా."

"ఆగవే" అంటూ బావ టార్చి తెచ్చి గాజు దగ్గర వంగాడు. "ఇదిగో, ఈ కొమ్మ అడుగున చూడు. పచ్చగా లేదూ? రంగొస్తోంది. గోరంత ముక్క నుంచే కదా అంత చేశావు. మళ్ళీ చేద్దాం. ఈసారి నువ్వే పొయ్యి, నేను నీ చెయ్యి పట్టుకుంటాను."

ఆమె కుర్చీ ముందుకి జరుపుకుని, ఆయన వేలు పెట్టిన చోట కళ్ళు చికిలించి చూసింది.

"అది పాచండీ" అంది.