గుమ్మంలో మనిషి

నరీన్ పట్టణపు చలికాలంలో తలుపు ఓరగా తెరిచి ఉంచే పిచ్చివాళ్లు ఎవరూ ఉండరు. సైరకుల్ ఒక్కతే ఉంచుతుంది. దీపాలు వేసే వేళకి గొళ్లెం తీసి, తలుపు కాస్త జరిపి, వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటుంది. "టీచరమ్మ వీధినంతా వెచ్చబెడుతోంది" అని ఇరుగుపొరుగు నవ్వుకుంటారు. నవ్వనీ. ఆ తలుపు చనిపోయిన ఆమె మొగుడి కోసం.

జుమాదిల్ గొర్రెల మందతో కనుమ దాటుతూ మంచుపెళ్లల కింద పడి పోయేనాటికి ఆమెకి పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. ఇప్పుడు భూగోళం పాఠాలు చెప్పి చెప్పి రిటైరయిన మనిషి. ఇన్నేళ్లూ సాయంత్రమైతే గుమ్మంలోకి ఎవరో వచ్చి నిలబడతారు. కనపడరు. తడిసిన కంబళి వాసన వస్తుంది, వీపు చల్లబడుతుంది. సైరకుల్ వెనక్కి తిరిగి చూడదు. చూస్తే వెళ్లిపోతాడని భయం. మళ్లీ పెళ్లి మాట ఎవరెత్తినా నవ్వేసి ఊరుకుంది. గుమ్మంలో ఒకడుండగా ఇంట్లోకి ఇంకొకణ్ని ఎలా రానిస్తుంది?

అలాంటి మనిషి దగ్గరికే కాలీచా అనే సోదెమ్మ సంగతి తేల్చే పని వచ్చి పడింది.

నరీన్ ప్రాంతం మీద ఒక విజ్ఞానసర్వస్వం తయారవుతోంది. సైరకుల్ అందులో సహాయ సంపాదకురాలు, ఎసెన్‌గుల్ ప్రధాన సంపాదకుడు. నలభై ఒక్క రాళ్లు పరిచి జరిగినదీ జరగబోయేదీ చెబుతానంటుంది కాలీచా. తన పేరు కూడా అందులో ఎక్కాలని పట్టుబట్టి, భక్తుల చేత ఓ మూటెడు పత్రికలు పంపించింది.

ఎసెన్‌గుల్ వాటిని చూసి మొహం చిట్లించాడు. "చూడక్కా, ఇన్ని కాగితాలు, ఒకటే కూత. ఈవిడ చెప్పింది వాళ్లు రాశారు, వాళ్లు రాసింది వీళ్లు ఎత్తిరాశారు. 'లోకప్రసిద్ధ దివ్యదృష్టి' అట. ఆ బిరుదు ఎవరిచ్చారమ్మా అంటే, నేనే అంటుంది! తన గొప్ప తాను చెప్పుకుంటే మనం లెక్కలోకి తీసుకోం కదా. ఆవిడతో ఏ లాభమూ లేనివాళ్లు ఇద్దరు చెప్పాలి. కొట్టిపారేద్దామా?"

"ఆగు," అంది సైరకుల్. "ఒక సాక్షిని నేనున్నాను."

ఎసెన్‌గుల్ నోరు వెళ్లబెట్టాడు. మూఢనమ్మకాల మీద క్లాసులు పీకే మనిషి ఈవిడేనా అన్నట్టు చూశాడు. సైరకుల్ తల వంచుకునే చెప్పింది.

వాళ్ల వైపు చావు కబురు సొంతవాళ్ల మొహం మీద చెప్పేయరు. పెద్దలందరూ పోగవ్వాలి, పుట్టింటివాళ్లు రావాలి, అందరూ చుట్టూ కూర్చున్నాక మెల్లగా చెవిన వేయాలి. అంతవరకూ ఊరు ఊరంతా నోరు కుట్టేసుకుంటుంది. ఆ రోజు సైరకుల్ ఇంటికి జనం ఒకరి వెనక ఒకరు వచ్చి టీ తాగి వెళ్తుంటే, ఆ పిచ్చిపిల్ల ఏదో విందు అనుకుని పరుగులు పెట్టి పోసింది. బిందెలతో వాగుకెళ్తే అక్కడ కాలీచా కూర్చుని ఉంది. రాళ్లు పరిచి, చెయ్యి పట్టుకుని అంది: "నీ మొగుడు పోయాడు. మీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. 'బిడ్డా, నా కోసం ఈ ఇంట్లో కూర్చోకు, వెళ్లి చదువుకో' అంటున్నాడు."

పెద్దలు ఆ తర్వాతే వచ్చి చెప్పారు. నలభయ్యో రోజు కర్మలయ్యాక, ఆనవాయితీ ప్రకారం మరిదికిచ్చి చేస్తామన్నారు. సైరకుల్ మొగుడి మాట చెప్పింది. చచ్చినవాడికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అలా బయటపడింది, చదువుకుంది, టీచరయింది. మొగుడు తనని 'బిడ్డా' అని ఎందుకన్నాడో మాత్రం అర్థం కాలేదు. బతికుండగా ఎన్నడూ అనలేదు. పోయినవాళ్లు అందరికన్నా పెద్దవాళ్లయిపోతారు కాబోలని సరిపెట్టుకుంది.

"రెండో సాక్షి?" అన్నాడు ఎసెన్‌గుల్, గొంతు తగ్గించి.

"మా మరిది ఒరొజాలీ ఉన్నాడు. కనుక్కొస్తా."

ఆ మాట అనేసింది గానీ, ఊరి బండి ఎక్కాక దిగిపోదామా అనిపించింది. కాలీచా అబద్ధమైతే ఆ మాటా అబద్ధమే. ఆ మాట అబద్ధమైతే, ఇన్నేళ్లు తను తలుపు తీసి ఉంచింది ఎవరి కోసం?

ఒరొజాలీ ముసలాడయ్యాడు గానీ నోరు ముసలిదవలేదు. "రా వదినా! నన్ను కాదని పోయి ఇప్పుడా రావడం? పళ్లన్నీ ఊడిపోయాక?"

"ఉన్నప్పుడు మాత్రం ఏం అందగాడివని?" అంటూ లోపలికొచ్చి, టీ గిన్నె అందుకుని, వచ్చిన పని చెప్పింది.

ఒరొజాలీ పగలబడి నవ్వాడు. "అదేం దివ్యదృష్టి వదినా! నీకు తప్ప ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు అన్న పోయాడని!"

తనకి ఇన్నాళ్లూ ఇంత చిన్న సంగతి తట్టనందుకు సైరకుల్‌కి సిగ్గేసింది. అయినా పట్టు వదల్లేదు. "తెలిస్తే తెలియనీ. మరి ఆయన అన్న మాట? వెళ్లి చదువుకోమన్నది?"

ఒరొజాలీ నవ్వు ఆపేశాడు. గిన్నె కింద పెట్టాడు.

"అది అన్న మాట కాదు. అమ్మ మాట."

"అత్తమ్మా?"

"నిన్ను నాకు కట్టబెడతారని అమ్మకి ముందే తెలుసు. 'దీన్ని వెళ్లనివ్వండి' అని తను అంటే పెద్దలు వింటారా? కోడల్ని తరిమేసిందని ఊరు ఆడిపోసుకోదూ? అదే పోయినవాడు చెబితే కాదనే మొనగాడెవడు? అలా చెప్పినందుకు కూలిగా మా గొర్రెని కాలీచా ఇంటికి లాక్కెళ్లింది నేనే కదా. వాకిట్లో నిలబడి అంతా విన్నా. అమ్మ చెప్పిన మాటే కాలీచా నీకు ఒప్పజెప్పింది."

"ఏనాడూ చెప్పలేదేం నాకు?"

"ఒట్టు వేయించుకుంది. 'మొగుడి మాట అనుకుని వెళ్తోంది, నా మాట అని తెలిస్తే నా కోసం ఆగిపోతుంది' అంది. అమ్మ పోయాక చెబుదామనుకున్నా. నువ్వేమో ఆ చావు రోజు తప్ప ఈ గడప తొక్కనేలేదు." ఒరొజాలీ మొహం తుడుచుకున్నాడు. "ఆ రోజు కొడుకు మంచుకింద ఉన్నాడు వదినా. తను ఏడిస్తే నీకు తెలిసిపోతుందని, పొద్దుణ్నుంచీ ఏడవకుండా నీ పక్కనే కూర్చుని పిండి పిసికింది."

సైరకుల్‌కి గుర్తుంది ఆ పిండి. తను బయల్దేరిన రోజు అత్త గోడవైపు తిరిగి పడుకోవడమూ గుర్తుంది. పలకరించనైనా లేదని పట్టింపు పెట్టుకుని, ఆ ముసలామె బతికుండగా మళ్లీ ఈ ఇంటికి రాలేదు. చావుకి వచ్చింది గానీ, అందరిలా గొంతెత్తి ఏడవలేదు.

నరీన్‌కి తిరిగొచ్చి ఎసెన్‌గుల్‌తో ఒకటే మాట చెప్పింది. "కాలీచాకి చోటు లేదు. తీసెయ్."

"మరి నీ సాక్ష్యం అక్కా?"

"అది ఆవిడ గురించి కాదు."

కొడుకు పోయిన రోజున కోడలి బతుకు గురించి ఆలోచించిన అనార్‌కన్ అనే ఆడమనిషికి ఏ సంపుటంలోనూ చోటుండదు. ఎవరి నియమాల ప్రకారమూ ఉండదు.

గురువారం సాయంత్రం సైరకుల్ నూనె కాచింది. పోయినవాళ్లకి వాసన అందాలని గురువారాల్లో అందరూ పిండి వేయించినట్టే తనూ వేయించింది. పోయినవాళ్ల కోసం దువా ప్రార్థన చేస్తూ జుమాదిల్ పేరు తలిచింది. తర్వాత, ఇన్నేళ్లలో మొదటిసారి, అత్త పేరు తలిచింది. తలుపు ఓరగా తెరిచి వచ్చి కూర్చుంది.

ఎవరూ రారనుకుంది. వెలుగు పోయింది, నూనె చల్లారింది. అప్పుడు ఎప్పటిలాగే వీపు చల్లబడింది, తడి కంబళి వాసన వచ్చింది. దాంతోపాటు ఇంకో వాసన కూడా ఉంది. అదీ ఎప్పుడూ వచ్చేదే, పచ్చిపిండి వాసన అని ఆమె ఇన్నేళ్లూ గుర్తుపట్టనేలేదు.

ఈసారి సైరకుల్ వెనక్కి తిరిగింది. లేచి వెళ్లి, ఓరగా ఉన్న తలుపుని బార్లా తెరిచింది.

"ఎంతకాలమని అలా బయట నిలబడతావు?" అంది ఏడుస్తూ. "లోపలికి రా అత్తమ్మా."