రాహుకాలంలో వేసిన అతుకులు

మా తమ్ముడు మునస్వామికి అరవై దాటాయి. పూతలపట్టు కూడలిలో వెల్డింగ్ షాపు వాడిది. నలభై ఏళ్లు నిప్పురవ్వలు చూసీ చూసీ కళ్లు ఎర్రబడ్డాయి గానీ, వాడు వేసిన అతుకు ఊడిందని ఒక్కరూ అనలేదు. ఆ పొగరు వాడికి కొంచెం ఎక్కువే. మా ఊరి వాగు మీద నడక వంతెన పని చేతికొచ్చాక ఇంకాస్త పెరిగింది.

ఆ వంతెనకు తెచ్చిన ఉక్కు వేరే రకం. దానికి రంగు వేయక్కర్లేదట, తుప్పే కాపలా అట. నేను నవ్వితే, పని చూడటానికి చిత్తూరు నుంచి వచ్చే ఇంజనీరమ్మ రూపశ్రీ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. మామూలు ఇనుము తుప్పు పెచ్చులుగా రాలిపోతుంది, ఆ సందుల్లో నీళ్లు దిగి మళ్లీ తుప్పు పడుతుంది. ఈ ఉక్కులో రాగి, క్రోమియం, నికెల్ కొంచెం కొంచెం కలుపుతారు. భాస్వరం చిటికెడే, ఎక్కువైతే ఉక్కు పెళుసవుతుంది. వానకు తడిసి ఎండకు ఆరి, తడిసి ఆరి, పైన గట్టి పొర కడుతుంది. ఇక లోపలికి తడి పోవడం కష్టం.

"పుండు మీద పక్కు మాదిరి. గీక్కుండా ఉంటే మానిపోతాది" అన్నాను. తాను నాలుగేళ్లు చదివింది అదేనని ఆ పిల్ల నవ్వింది. అతుకు వేసే రాడ్లలో కూడా రాగి, నికెల్ ఉండాలని, లేకపోతే అతుకు ఒక్కటే తుప్పు తింటుందని చెప్పింది. మా తమ్ముడూ పక్కనే ఉండి విన్నాడు.

విన్నవాడు ఏం చేశాడు? ఆఖరి రోజు ఇంకా రెండు అతుకులు ఉండగానే ఆ రాడ్లు అయిపోయాయి. కొత్త కట్ట చిత్తూరు బస్సులో వస్తోంది. ఆరోజు శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం వచ్చేలోగా కొబ్బరికాయ కొట్టి వంతెన తెరవాలని పంచాయతీ ప్రెసిడెంటు బాలసుబ్రమణ్యం పట్టుబట్టాడు. మా వాడు మామూలు రాడ్లతో ఆ రెండూ అతికేశాడు. ఎవరికీ చెప్పలేదు, నాక్కూడా.

రెండు వానాకాలాలు పోయాయి. రోజూ పాల క్యాను పట్టుకుని నేను దాని మీదే డైరీకి పోతాను. వంతెనంతా పాతబెల్లం రంగుకు తిరిగింది. రెండు చోట్ల మాత్రం పసుప్పచ్చ చారలు కారుతున్నాయి, గోరు పెడితే పెచ్చు లేస్తోంది. మా తమ్ముడు ఆ చోట్లకు వచ్చేసరికి తల పక్కకు తిప్పుకుని నడిచేవాడు.

ఇంతలో జాతర వచ్చింది. బయటి ఊళ్లవాళ్లు తుప్పు వంతెన చూస్తే పరువు పోతుందని, అంతా గీకి ఆకుపచ్చ రంగు వేయమని ప్రెసిడెంటు మా వాడికి చెప్పాడు. రంగు వేస్తే ఆ రెండు అతుకులూ దాని కింద దాక్కుంటాయి, నలభై ఏళ్ల పేరు నిలుస్తుంది. గీకితే మాత్రం మంచి పొరంతా పోతుంది.

ఆ మధ్యాహ్నం వాడు కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"ఆ రెండు అతుకులకూ ఏసింది ఏం రాడ్లు రా?" అన్నాను.

"మామూలువి అక్కా."

"రంగేస్తే ఎవురికీ తెలీదు. నీకు తెల్సు గదా. దినామూ అట్ల తల తిప్పుకోని నడిస్తే మెడ పట్టేస్తాది సూడు."

నవ్వాడు. కంచం ఖాళీ చేసి రెండోసారి అన్నం అడిగాడు.

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు పదిమంది వింటుండగా చెప్పాడు. "ప్రెసిడెంటప్పా, వంతెనకు జబ్బు లేదు. జబ్బంతా నేనేసిన రెండు అతుకులది. గడియ దాటిపోతాదని తప్పు రాడ్లు పెట్టినాను. అవి తీసి మళ్లా ఏస్తాను. మిగతాది గీకొద్దు."

ఎవరూ వాణ్ణి తిట్టలేదు. గడియ మాట దగ్గర ప్రెసిడెంటు ముఖమే కాస్త వాడింది.

రూపశ్రీ వచ్చి చూసి, కింద దన్ను పెట్టించి, పాత అతుకులు అరగదీయించింది. సరైన రాడ్లు బస్సు దిగేసరికి మళ్లీ శుక్రవారమే, మళ్లీ పదిన్నర దాటింది. ప్రెసిడెంటు వాచీ చూసుకుంటూ రేపు చేద్దామన్నాడు.

"పోయినసారి మంచి గడియలో ఏసింది సూస్తిమి గదప్పా" అంటూ మా వాడు ముఖానికి వెల్డింగ్ అద్దం అడ్డం పెట్టుకున్నాడు.

ఈ ఏడాది వానలకు ఆ రెండు అతుకులూ బెల్లం రంగుకు వస్తున్నాయి. మా తమ్ముడిప్పుడు తల తిప్పుకోడు. పైగా సరిగ్గా అక్కడే ఆగి, ఎదురొచ్చిన ప్రతివాడికీ తన తప్పంతా పూసగుచ్చినట్టు చెబుతాడు. వెనకాల క్యానులో నా పాలు విరిగిపోయేదాకా.