గువ్వ కొట్టిన ఊ

రెండు వీధుల అవతల ఉడుత ఆవలిస్తే, అది ఆకలితోనా నిద్రతోనా అని కూర్చున్న చోటి నుంచే చెప్పగల మనిషి చెవులమ్మ. ఆవిడ ఉద్యోగమే వినడం. ఎదుగుదలలో వెనకబడిన పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళకు ఎంత అర్థమవుతోందో, ఎంత చెప్పగలుగుతున్నారో కొలిచి ఫారంలో రాస్తుంది. దానికి చదువుకున్నవాళ్ళు నోరు తిరగని పేరొకటి పెట్టారు. మనకెందుకు ఆ గొడవ.

అంతటి చెవులమ్మ చేత ఆరేళ్ళ గువ్వ మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

ఓ మంగళవారం ఉదయం ఆ పిల్లను తల్లీ తాతా వెంటబెట్టుకొచ్చారు. ఆ కేంద్రంలో రెండు గదులు. ఒకటి పాఠాల గది. రెండోదాంట్లో పిల్లలను కనిపెట్టుకుని ఉంటారు, అంతే. చెప్పింది అర్థమవుతుందని ఫారంలో ఉంటేనే పాఠాల గది. తల్లి ఆ ఫారం మీది నుంచి చూపు తిప్పలేదు.

చెవులమ్మ బల్ల మీద నాలుగు బొమ్మలు పరిచింది. "కప్పు ఏదమ్మా?"

గువ్వ ఫ్యాను వంక చూసింది.

"పోనీ, పిల్లి ఏది?"

గువ్వకు ఫ్యానే నచ్చింది. మధ్యలో ఒకటి రెండుసార్లు "ఊ" అంటే, చెవులమ్మ దాన్ని తీసుకెళ్ళి 'అర్థంలేని శబ్దం' అనే గడిలో పడేసింది. అలా నాలుగేసి చొప్పున నలభై బొమ్మలయ్యాయి. మార్కులు సున్నా.

"ఇంట్లో దీనికి అన్నీ అర్థమవుతాయండీ," అంది తల్లి.

ఈ మాట అనని తల్లిని చెవులమ్మ ఇంతవరకూ చూడలేదు. తలూపి, సంతకానికి కలం మూత తీసింది.

గుమ్మం దగ్గర తాత మనవరాలికి చెప్పులు తొడుగుతున్నాడు. "అప్పుడా పిల్లి ఏం చేసిందీ, రైలెక్కింది."

"ఊ."

"టికెట్టు మాత్రం కొనలేదు."

"ఊ."

తాత చెప్పు పట్టీ బిగిస్తూ ఆగాడు.

"ఊఁ?" అంది గువ్వ. ఈసారి గొంతు పైకి లేచింది.

చెవులమ్మ కలం గాలిలోనే ఆగిపోయింది. "పెద్దాయనా, ఆ పిల్ల ఊ కొడుతోందా?"

"కొట్టకపోతే నేనెందుకు చెబుతానమ్మా? నాకు మాత్రం పనీపాటా లేదా?"

"లేదు కదా మామయ్యగారూ," అంది కోడలు.

"ఈ సంగతి ముందే చెప్పొద్దా నాకు?" అంది చెవులమ్మ.

"మీరు కప్పుల గురించి అడిగారు. కథల గురించి అడగలేదు," అన్నాడు తాత.

చెప్పులు మళ్ళీ విప్పించారు. చెవులమ్మ నేల మీద చతికిలబడి, తాత కథనే అరువు తెచ్చుకుని మొదలుపెట్టింది. ఆవిడ కథ చెబితే మందు సీసాతో వచ్చిన కాగితం చదివినట్టుంటుంది. అయినా గువ్వ పెద్దమనసు చేసుకుని ఊ కొట్టింది. కాసేపయ్యాక చెవులమ్మ కావాలనే దారి తప్పింది. "పిల్లి రైలెక్కింది. టికెట్టు కొనుక్కుంది."

గువ్వ ఫ్యానును వదిలి, మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసింది.

"ఊహూఁ."

"కొనలేదా?"

"ఊ."

"మరి టికెట్టు లేకపోతే..." అని చెవులమ్మ ఆపేసింది.

"ఊఁ?"

అవును, కాదు, తర్వాతేంటి. ఈ మూడింటితోనే కాపురాలు నెట్టుకొస్తున్న మగాళ్ళను చెవులమ్మ చాలామందిని ఎరుగును. సున్నాను అడ్డంగా కొట్టేసి, ఫారం అంచుల్లో కూడా చోటు మిగల్చకుండా రాసింది.

"పాఠాల గదేనా అండీ?" అని అడిగింది తల్లి, నవ్వుతూనే ముక్కు చీదుకుని.

"పాఠాల గదే. రేపు తొమ్మిదింటికి రండి. పెద్దాయన్ను కూడా తీసుకురండి, ఆ పిల్లిని ఎక్కడ దింపారో నాకూ తెలియాలి."

ఆ పూట గువ్వ మూడువందల ఇరవై ఊలు కొట్టిందనీ, వాటిని రాసి రాసి చెవులమ్మ రెండు కలాలు ఖాళీ చేసిందనీ ఆ కేంద్రంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓసారి ఆవిడ ముందే ఎవరో ఈ మాట అంటే, బీరువాలోంచి ఫారం తీసి, కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"పందొమ్మిది. అందులో మూడు దగ్గులు."