మిరప కళ్లంలో యెషయా పిలుపు

మిరప కాయ కళ్లానికి చేరిందంటే మా ఆడవాళ్ల కూడిక చర్చిలో జరగదు, కళ్లంలోనే. చేతులు రంగు పోయిన తాలు కాయలు ఏరుతుంటాయి, చెవులు వాక్యం వింటుంటాయి. చదివి చెప్పేది పాస్టరమ్మగారు. కిందటేడు ఆమె కూతురి పురుడు కోసం పొదిలి వెళ్తూ, యెషయా ప్రవక్తను దేవుడు పిలిచిన భాగం నన్ను చెప్పమన్నారు.

నేను బడికి వెళ్లలేదు. నాన్న పక్కన కూర్చోబెట్టుకుని, బైబిలు మీద వేలు పెట్టి చదివిస్తే వచ్చిన అక్షరాలే నావి. అందుకు రోజూ దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను గానీ, వాటిని నలుగురి ముందుకు తెచ్చే ధైర్యం ఏనాడూ లేదు. ఈసారి వెనక్కి తగ్గితే ఇక ఎప్పటికీ నోరు తెరవలేనని మాత్రం తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం కళ్లంలో అందరికీ ఆ భాగం చదివాను. దేవాలయంలో ప్రభువును చూసిన యెషయా, తన పెదవులు అపవిత్రమైనవని వణికిపోతాడు. దూత బలిపీఠం మీది నిప్పును పట్టుకారుతో తెచ్చి ఆ పెదవులకు తాకిస్తాడు. ఎవరిని పంపాలన్న ప్రభువు మాట వినబడితే, తననే పంపమంటాడు.

చదవడం అయింది. బైబిలు పక్కన పెట్టి కాయలు ముందుకు లాక్కున్నాను గానీ, చెప్పడానికి మాట రాలేదు.

"ఏమే, నోరు ఇంట్లోనే పెట్టొచ్చావా?" అంది మా పెద్దత్త, తల ఎత్తకుండా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అంతలో పైన కట్టిన టార్పాలిన్ పట్టా నీడన చీర ఉయ్యాలలో పసిబిడ్డ లేచి ఏడ్చింది. తల్లి గబగబా వెళ్లింది గానీ ముట్టుకోలేదు. మిరప చేతులతో బిడ్డను తాకితే ఒళ్లంతా మంట. తన రెండు చేతులూ చూసుకుంటూ నిలబడిపోయింది. పనిలోకి దిగని ముసలమ్మ ఒకామె బిడ్డను ఎత్తుకుంది. తల్లి నూనె రాసి తుడుచుకుని, మజ్జిగతో కడుక్కుని, అప్పుడు చేతులు చాచింది.

నాకు నోరు పెగిలింది.

"చూశారుగా. పొద్దుట్నుంచీ అవే చేతులు. బిడ్డ ఏడ్చేదాకా మంట సంగతి గుర్తొచ్చిందా? యెషయాకీ అంతే. ప్రభువును చూశాకే తన పెదాలు ఎలాంటివో తెలిసింది. ముందు పని చెప్పలేదు ఆయన. ముందు కడిగాడు."

"మరి నిప్పు పెడితే పెదాలు కాలిపోవా అక్కా?" అని అడిగింది బిడ్డ తల్లి.

ఆ అనుమానం నాకూ ఉంది. తెలియదనే చెప్పాను. కాలినట్టు అక్కడ రాసి లేదని, భయం మాత్రం పోయినట్టుందని అన్నాను. ఎవరిని పంపాలి అన్నాడే గానీ, ప్రభువు అతన్ని పేరు పెట్టి కూడా అడగలేదు. ఆ అడగడం ముందునుంచీ ఉన్నదేనేమో, లోపల మారాకే అతనికి వినబడిందేమో అనుకుంటున్నానని చెప్పాను.

మాటల్లో పడి నా చేతులు ఎప్పుడు ఆగాయో చూసుకోలేదు. పెద్దత్త నా ముందున్న కాయలను తన వైపు లాక్కుని, నా వంతు కూడా ఏరుతోంది.

ప్రార్థన అయ్యాక ఆమే చెప్పింది, కాలువ అవతలి కళ్లం వాళ్లు తమకూ ఎవరైనా వచ్చి వాక్యం చెబితే బాగుంటుందని కబురు చేశారని. చెబుతూ ఎవరి వైపూ చూడలేదు.

నేను వస్తానని చెప్పమన్నాను.