వెనక భాగం లేని జాకెట్టు

తొంభైల మొదట్లో సూర్యాపేటలో ఒక సేవాసంస్థ, కూలికి పోయే ఆడపిల్లల కోసం అద్దె ఇంట్లో కుట్టుబడి పెట్టింది. పొద్దున చదువు, మధ్యాహ్నం మిషన్లు, తిండీ పడకా అక్కడే. వేములపల్లి పొలాల్లో నాట్లు వేసే నేనూ వెళ్లి చేరాను. చదువు మీద ప్రేమతో కాదు, వంగి వంగి నడుము పడిపోతోందని. ఎవరడిగినా ఇదే చెప్పేదాన్ని. టీచరుకు ఒళ్లు మండేది.

మిషన్లు తక్కువ, మేం ఎక్కువ. అందుకని ఇద్దరికొక మిషన్. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు పక్కన కూర్చుని బట్ట జారకుండా పట్టుకోవాలి. నాకు జోడీగా వచ్చింది మోతె దగ్గరి తండా పిల్ల. నేను తొక్కితే దారం తెగేది. తను తొక్కితే అదే మిషన్ బుద్ధిగా నడిచేది. నేను చిరాకుపడితే, "గంత తొందరేందే, బస్సు పోతదా?" అని నవ్వేది. నవ్వితే నాకు ఇంకా కోపం వచ్చేది, ఆ కోపం అన్నం దగ్గరికి వెళ్లేసరికి పోయేది.

ఏటా చలికాలం పోతుండగా వాళ్ల ఇంటిల్లిపాదీ మిర్చి ఏరడానికి గుంటూరు దిక్కు వెళ్లేవాళ్లు. దాంతో తన చదువు ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోయేది. ఆ ఘాటుకు ఎంత కడిగినా చేతులు మండుతాయట. "మిషన్ తీస్కపోతే నన్ను ఇంటికాడ్నే ఉంచుతనన్నడు మా నాయిన" అని చెప్పింది. పరీక్ష పాసైతే సంస్థ మిషన్ ఇస్తుంది. తన ఆశంతా దాని మీదే.

పరీక్ష పెట్టడానికి హైదరాబాదు నుంచి ఒక సారు వచ్చాడు. తలా ఒక జాకెట్టు గుడ్డ ఇచ్చి, "ఎవరి అమ్మకు వాళ్లు కుట్టండి, తీసుకెళ్లి ఇస్తే సంతోషిస్తుంది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మేమంతా మా అమ్మలకు కుట్టాం. తనూ వాళ్లమ్మకు కుట్టింది. ముందు పొట్ట దాకా దిగే గుడ్డ, మోచేతుల దాకా చేతులు, వెనక తాళ్లు. తండా ఆడవాళ్లు తొడుక్కునే కాంచళి అచ్చం అట్లాగే ఉంటుంది. కుట్టు ఒక్కచోట కూడా వంకర పోలేదు.

సారు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "వెనక భాగం ఏదమ్మా?"

"మా అమ్మదానికి వెనక ఉండది సార్. తాళ్లే ఉంటయి."

అందరూ గొల్లుమన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. లేచి, "మీరు అమ్మకు కుట్టుమన్నరు, కుట్టింది గద సార్" అన్నాను. టీచరు నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. జాకెట్టంటే వెనక ఉండాల్సిందేనని సంస్థ రూలు. సారు కాసేపు ఇబ్బంది పడి, ఆఫీసులో అడిగి కబురు పంపుతానన్నాడు.

ఊళ్లకు వెళ్లిపోతూ బస్టాండులో తను నన్ను అడిగింది. "సారు కబురు పంపుతడు గదనే?"

"పంపకుంటె ఆయన అంగీకి ఎనక తీసేస్త" అన్నాను. కళ్లనిండా నీళ్లు పెట్టుకునే నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఇప్పటికీ అల్లాడుతాను.

నాకు మిషన్ వచ్చింది. దానితోనే తర్వాత కోదాడలో కొట్టు పెట్టుకున్నాను. పనికి పెట్టుకున్న పిల్లలు మంచివాళ్లే, వాళ్లలో తనలా నన్ను ఆటపట్టించే మనిషి ఒక్కరూ దొరకలేదు. పొడుగు కుట్టు వేసేటప్పుడు పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది.

ఆ ఏడు ఆఫీసు నుంచి టీచరుకు కబురు చలికాలం చివర్లో గానీ రాలేదు. కాంచళి కూడా జాకెట్టేనని ఒప్పుకున్నారు, మిషన్ ఇస్తామన్నారు. నేనే చెప్తానని టీచరును బతిమాలి మోతె బస్సెక్కాను. దారి పొడుగునా తను ఎట్లా గంతులేస్తుందో అనుకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను.

వాళ్ల గుడిసె తలుపుకు తాళం ఉంది. పక్కింటి ముసలామె బయటికొచ్చింది.

"మొన్ననే పోయిండ్రు బిడ్డా, మిర్చికి. సారు కబురొస్తదని నీ దోస్తు రోజూ రోడ్డు కాడ కూసునేది. లారీ ఎక్కమంటె గూడ, ఇంకొక్క బస్సు సూస్తనన్నది. అందరు ఆగిండ్రు. బస్సయితె వచ్చింది బిడ్డా. ఎవ్వలు దిగలె. ఇగ లారీ ఎక్కింది."