కాపురానికొచ్చిన వస్తువులు

ఆ వీధిలో పిల్లలు ఆయన్ని స్క్రూల మావయ్య అంటారు. పెద్దవాళ్ళు మెకానిక్ గారంటారు. పని తొందరగా కావాల్సి వస్తే మాత్రం అందరికీ అన్నయ్యే. ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్లు, మిక్సీలు, ఏది చెడిపోయినా ఆయన దగ్గరికే వస్తుంది. విడిగా షాపంటూ లేదు. ఉన్న రెండు గదుల్లో ముందు గదే షాపు, చుట్టాలొస్తే అదే హాలు, దీపాలార్పాక అదే పడకగది.

ఆయన పనికి ఒక పద్ధతుంది. బాగైన వస్తువును వెంటనే తిరిగివ్వడు. బల్లమీద పెట్టి స్విచ్చి వేస్తే తిరిగినంత మాత్రాన అది బాగైనట్టు కాదంటాడు. ఇంట్లో పడాలి, తలుపులు ధడేల్మని వెయ్యాలి, తడి చేతులతో ముట్టుకోవాలి, ఆపడం మర్చిపోవాలి. అప్పటికీ మొరాయించకుండా ఉంటేనే నమ్మాలి. దానికి ఆయన పెట్టిన పేరు కాపురం చేయించడం. కాబట్టి ఎవరి ఫ్రిజ్ అయినా రెండుమూడు రోజులు ఈ మెకానిక్ ఇంటి కూరగాయలు దాచిపెట్టాల్సిందే. ఎవరి వాషింగ్ మెషీనైనా ఈ ఇంటివాళ్ళ బట్టలు ఉతకాల్సిందే.

పోనీ రెండుమూడు రోజులకే అన్నీ వెళ్ళిపోతాయా అంటే అదీ లేదు. వస్తువు సిద్ధమైందని కబురు పంపినా కొందరు రారు. రిపేరు డబ్బులు చేతిలో లేనివాళ్ళు మొహమాటపడి ఆ సందు మొగలోంచే పక్కకు తప్పుకుంటారు. ఆయన కూడా వాళ్ళు ఎదురైతే వాన గురించో, పిల్లల చదువు గురించో మాట్లాడతాడు తప్ప ఫ్రిజ్ ఊసెత్తడు. అవి అలా నెలల తరబడి ఆయన ఇంట్లోనే ఉండిపోతాయి.

"మా ఇంటికి కోడళ్ళు చాలామందే వస్తారు. ఒక్కరూ నిలవరు, పొమ్మన్నవాళ్ళు పోరు," అంటుంది ఆయన భార్య. ఆవిడ ఒక మందుల షాపులో పొట్లాలు కట్టే పని చేస్తుంది. నోరు పదునే కానీ, మాట అన్నాక నవ్వేస్తుంది కాబట్టి ఎవరికీ తగలదు.

వాళ్ళకు ఒక్కతే అమ్మాయి. చిన్నప్పుడు బళ్ళో టీచరు మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని అడిగితే, "ఇవాళ్టికుంది టీచర్," అని చెప్పి వచ్చిందట. ఆ అమ్మాయికిప్పుడు యూనివర్సిటీలో సీటొచ్చింది. ఆ ఇంట్లో, అటు తాతల వైపు చూసినా ఇటు తాతల వైపు చూసినా, అంత దూరం చదివినవాళ్ళు లేరు. సీటొచ్చింది గానీ ఫీజు వాళ్ళకు అందే ఎత్తులో లేదు. చదువుకు ప్రభుత్వం సాయమిస్తుందని తెలిసి, తండ్రీకూతుళ్ళు నెట్ సెంటరుకెళ్ళి దరఖాస్తు పెట్టి వచ్చారు. ఇల్లు చూడ్డానికి ఆఫీసు నుంచి మనిషొస్తారని, చూసి రాసిందాన్ని బట్టే సాయం ఉంటుందని నెట్ సెంటరతను చెప్పాడు.

ఆ మాట మెకానిక్ బుర్రలో నాటుకుపోయింది. ఆయన తన లెక్కలో తాను ఆలోచించాడు. ఎవరైనా డబ్బు ఎవరికిస్తారు? నమ్మకస్తుడికిస్తారు. ఇల్లు చిందరవందరగా ఉండి, పని నిండుకుని, మనిషి దిగాలుగా కనిపిస్తే, వీడికిచ్చిన డబ్బు గోతిలో పోసినట్టేననుకుంటారు. అందుకని ఆ రోజు నుంచీ గది తుడిచి, వైర్లన్నీ చుట్టలు చుట్టి, వస్తువులన్నిటినీ తళతళలాడేలా తుడిచి పెట్టాడు. భార్యకు ఈ సంగతి చెప్పలేదు. ఎప్పుడూ లేనిది ఇంత శుభ్రమేమిటని ఆవిడ సంతోషించి ఊరుకుంది.

ఆఫీసరు ఒక మధ్యాహ్నం వచ్చింది. భార్య పనికి, కూతురు స్నేహితురాలి ఇంటికి వెళ్ళారు. ఆయనొక్కడే ఉన్నాడు. గదిలో రెండు ఫ్రిజ్‌లు నడుస్తున్నాయి, వాషింగ్ మెషీన్లో కూతురి బట్టలు తిరుగుతున్నాయి, గోడవారనున్న పెద్ద టీవీలో వార్తలొస్తున్నాయి. ఆఫీసరు నడివయసు మనిషి, భుజాన సంచీ, చేతిలో ట్యాబ్. ఎండలో నడిచొచ్చిందేమో మొహమంతా చెమట. ఆయన ఫ్రిజ్ తలుపు తీసి చల్లటి నీళ్ళిచ్చాడు.

ఆవిడ తాగి, చుట్టూ చూసి, "ఇవన్నీ పనిచేస్తున్నాయా?" అని అడిగింది.

ఆ ప్రశ్న కోసమే ఆయన వారం నుంచీ కాచుకుని కూర్చున్నాడు. "బ్రహ్మాండంగా మేడమ్. ఇదిగో, దీనిమీద చెయ్యి పెట్టి చూడండి. అదురుందా? చప్పుడుందా?"

ఆవిడ చెయ్యి పెట్టి చూసింది. అదురు లేదు. ఎవరు వాడతారని అడిగితే మేమేనన్నాడు. ఎన్నాళ్ళ నుంచని అడిగితే, మా ఇంట్లో ఫ్రిజ్ లేని రోజు నాకు గుర్తు లేదన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. ఆవిడ ఫోటోలు తీసుకుంది. టీవీ ఫోటో తీస్తుంటే ఆయన పక్కకెళ్ళి రంగు కొంచెం పెంచాడు కూడా.

సాయంత్రం భార్య వచ్చాక పూసగుచ్చినట్టు అంతా చెప్పాడు. ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా అక్కడే కూలబడింది.

"అవి మనవి కావని చెప్పారా?"

"అడగలేదు."

"అడగలేదా?"

"పనిచేస్తున్నాయా అని అడిగింది. చేస్తున్నాయన్నాను. ఏం, చెయ్యట్లేదా?"

ఆవిడ అప్పుడు చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

కబురు ఫోన్లోనే వచ్చింది. గృహోపకరణాల దృష్ట్యా ఆర్థికంగా స్థిరపడిన కుటుంబంగా గుర్తించినందున దరఖాస్తు తిరస్కరించడమైనది. కూతురు అది రెండుసార్లు చదువుకుని ఫోను బల్లమీద బోర్లా పెట్టింది. కాసేపయ్యాక తండ్రి దగ్గరికొచ్చి కూర్చుని, "నాన్నా, మనం స్థిరపడ్డామట. ఒక్క ముక్క మాకు చెప్పకపోయావా, మేమూ సంతోషించేవాళ్ళం," అంది.

నవ్వించడానికే అంది. ఆయన నవ్వలేకపోయాడు. మర్నాడు తల్లీకూతుళ్ళు వంటగదిలో మాట్లాడుకోవడం వినపడింది. మొబైల్ షాపులో అమ్మాయిలు కావాలంటున్నారని, అందులో చేరి ఇంటి నుంచే ఏదో ఒక డిగ్రీ కడతానని కూతురంటోంది. తల్లి బియ్యం ఏరుతూ వింటోంది. ముందు గదిలో ఆయన చేతిలోని మోటారు విప్పేశాడు. దేనికి విప్పాడో మాత్రం తట్టలేదు.

ఆఫీసుకెళ్ళి బతిమాలితే, అప్పీలు చేసుకోమన్నారు. ఆ వస్తువులు ఎవరివో వాళ్ళ చేత రాయించి తెమ్మన్నారు. బిల్లులేమైనా ఉన్నాయా అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఏ వస్తువెవరిదో, ఏ జబ్బుతో వచ్చిందో అన్నీ ఆయన తలలోనే ఉంటాయి. కూతురు అప్పీలు పెట్టింది. రాయించి తెచ్చే పని ఆయన మీద పడింది.

చిన్న ఫ్రిజ్ రిటైరైన పంతులమ్మది. ఆయన ఆవిడ గేటు దాకా వెళ్ళాడు. లోపల ఆవిడ కుండలో నీళ్ళు నింపుకుంటోంది. తనను చూడగానే రిపేరు డబ్బుల కోసమే వచ్చాడనుకుంటుందని, ఉన్నపళంగా ఆ మొహం చిన్నబోతుందని ఆయనకు తెలుసు. చేతిలో ఉన్న తెల్లకాగితం మడిచి, వెనక్కి తిరిగి వచ్చేశాడు. మిగతా ఇళ్ళకైతే అసలు బయల్దేరనే లేదు.

రెండు రోజులు తర్జనభర్జన పడి, అవి ఇంట్లోనే లేకపోతే ఎవరి చేతా రాయించక్కర్లేదనుకుని, మూడో రోజు పొద్దున్నే ఒక తోపుడు బండి అడిగి తెచ్చుకున్నాడు. వస్తువులన్నిటినీ ఒక్కొక్కటిగా ఎక్కించి ఎవరివి వాళ్ళ ఇళ్ళకు చేరవేశాడు. కాపురం పూర్తి కానివి కూడా పంపేశాడు, అదొక్కటే మనసుకు కష్టమనిపించింది. డబ్బుల మాటెత్తబోయిన వాళ్ళతో, అదంతా తర్వాత చూద్దాంలెండి అన్నాడు.

"ఇల్లంతా ఖాళీ చేసి పెడితే దాచేశామనుకోరూ?" అంది భార్య.

"లేనిదాన్ని ఎలా దాస్తామే," అన్నాడాయన.

కానీ ఆవిడ అన్నట్టే అయింది. అప్పీలు మీద మళ్ళీ ఆ ఆఫీసరే వచ్చింది. గది మధ్యలో నిలబడి చూస్తే నాలుగు గోడలు, ఒక బల్ల, చుట్టిపెట్టిన పరుపు. ఫ్రిజ్‌లున్న చోట నేల మిగతా గచ్చుకన్నా తెల్లగా, చదరంగా కనిపిస్తోంది.

"ఎక్కడ పెట్టారవన్నీ?" అంది ఆఫీసరు. గొంతులో కోపం లేదు, విసుగుంది. ఇలాంటివి ఆవిడ చాలా చూసి ఉంటుంది.

కూతురు చెప్పులేసుకుంటూ, "చూపిస్తాం, రండి మేడమ్," అంది.

ముగ్గురూ వీధిలోకి నడిచారు. పంతులమ్మ ఇంట్లో చిన్న ఫ్రిజ్ కిటికీ పక్కనుంది. ఆఫీసరు ట్యాబ్‌లో పాత ఫోటో తీసి, తలుపు మీది సొట్టను దీనితో పోల్చి చూసుకుంది. పంతులమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ ఫోటో తానూ చూసి, తన ఫ్రిజ్ ఎప్పుడూ అంత తళతళలాడలేదే అని ఆశ్చర్యపోయింది. పెద్ద టీవీ ఆటో అతని ఇంట్లో దొరికింది. అతని పిల్లలు దాని ముందు నుంచి తల కూడా తిప్పలేదు. ఆఫీసరు రాసుకుంటోంది. మెకానిక్ వెనకాలే తలొంచుకుని నడుస్తున్నాడు, వాళ్ళ వస్తువులతో పాటు వాళ్ళ లేమిని కూడా వీధిలో పరిచి చూపిస్తున్నట్టు.

వాషింగ్ మెషీన్ నర్సుది. ఆవిడ భర్త మంచం పట్టి చాలా కాలమైంది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే కూర్చుని ఉంది. గోడ దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్న పక్కింటివాళ్ళిద్దరు మాట ఆపేశారు. మెషీన్ మీదేనా అని ఆఫీసరడిగితే, మాదేనంది నర్సు.

"బెల్టు పోతే మోటారు కూడా పాడైంది. అన్నయ్య రెండూ వేశాడు. నేనింకా డబ్బులివ్వలేదు మేడమ్."

గోడ దగ్గరి వాళ్ళకు ఆ మాట వినపడింది. మెకానిక్ అది భరించలేకపోయాడు.

"ఇచ్చేశారు మేడమ్," అన్నాడు. "పని ఒత్తిడిలో మర్చిపోయినట్టున్నారు. మొత్తం ఇచ్చేశారు."

ఆఫీసరు రాయడం ఆపి తలెత్తింది. "ఇచ్చారా? ఎంత?"

కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాన్నా," అంది మెల్లగా. ఆయన ఆ చెయ్యి విడిపించుకోలేదు కానీ, అన్న మాట వెనక్కి తీసుకోనూ లేదు.

నర్సు గుమ్మంలోంచి లేచి నిలబడింది.

"అన్నయ్యా, నా పరువు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ముందు పిల్ల సంగతి చూడు." ఆఫీసరు వైపు తిరిగింది. "పైసా ఇవ్వలేదు మేడమ్. ఇంటికి తెచ్చి పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆటో ఆయన ఇచ్చాడేమో అడగండి. పంతులమ్మ గారిని అడగండి. ఈ మనిషి మాత్రం చెప్పడు."

మెకానిక్ మెషీన్ పక్కన కూర్చుని, వెనక పలకకు స్క్రూలు బిగుతుగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూస్తున్నాడు, అక్కడ తనకింకా ఏదో పనున్నట్టు.

ఆఫీసరు ట్యాబ్ సంచీలో పెట్టుకుంది. సందు చివరికొచ్చాక ఆగి, "మొదటిసారి వచ్చినప్పుడే ఈ సంగతి నాకు చెప్పొచ్చుగా?" అని అడిగింది.

"మీరు నమ్మకస్తుల కోసం చూస్తున్నారనుకున్నాను మేడమ్," అన్నాడాయన. "లేనివాళ్ళ కోసమని తెలియదు."

ఆవిడ ఆయన్ని, ఆ తర్వాత ఆ అమ్మాయిని చూసింది. రాసేది రాస్తాను, పైన ఏమంటారో మాత్రం నా చేతిలో లేదంది. ఆ రెండో మాట అలవాటుగా అన్నట్టుంది. మొదటి మాట మాత్రం నిదానంగా అంది.

సాయం మంజూరైంది. పూర్తి ఫీజు, హాస్టల్ ఖర్చుతో సహా. ఈసారి కూతురు చదువుతుంటే తల్లి పక్కన నిలబడి ప్రతి ముక్కకూ ఊఁ కొట్టింది. ఆయన ఇంకోసారి చదవమన్నాడు. ఇంకోసారి చదివింది. "స్థిరపడిన అని ఎక్కడా లేదుగా?" అని అడిగాడు. ఎక్కడా లేదు. అప్పుడు లేచి పెరట్లోకి వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చాడు.

మళ్ళీ వస్తువులు రావడం మొదలైంది. యూనివర్సిటీకి వెళ్ళేలోపు కూతురు ఒక పని పెట్టుకుంది. అట్టముక్కలు కత్తిరించి, ఒక్కో వస్తువుకీ అది ఎవరిదో పెద్ద అక్షరాలతో రాసి దారంతో కట్టింది. మిక్సీకి దర్జీ గారిదని, గ్రైండరుకు మేడ మీద అక్కదని. ఇకముందు వచ్చేవాటికి కూడా పనికొస్తాయని, వీధిలో ఒక్క ఇల్లు కూడా వదలకుండా అందరి పేర్లూ రాసి ఒక కట్ట కట్టి పెట్టింది. మర్చిపోకుండా కట్టమని తండ్రికి గట్టిగా చెప్పింది. ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు.

ఆ అమ్మాయి వెళ్ళి రెండు నెలలైంది. ఆయన అట్టలు మర్చిపోకుండా కడుతున్నాడు. వస్తువు తిరిగిచ్చేటప్పుడు విప్పుతున్నాడు. విప్పినవాటిని మళ్ళీ కట్టలో పెట్టడమో, బయట పారెయ్యడమో చెయ్యకుండా చొక్కా జేబులో వేసుకుంటున్నాడు. ఒకరోజు భార్య ఉతికిన బట్టలు మెషీన్లోంచి తీస్తుంటే జేబులో మెత్తబడిన అట్టలు చేతికి తగిలాయి. అక్షరాలు కొంచెం అలుక్కుపోయినా కూతురి రాత తెలుస్తూనే ఉంది.

"ఏమిటండీ ఈ చెత్తంతా?" అంది.

"ఉండనీవే," అన్నాడాయన బల్ల దగ్గర నుంచి.

ఆవిడ అట్టలను ఒకదానికొకటి అంటుకోకుండా విడదీసి, వెచ్చగా ఉంటుందని, నడుస్తున్న ఎవరిదో ఫ్రిజ్ మీద వరసగా ఆరబెట్టింది.