డైలో ఇరుక్కున్న ఇత్తడి

సిరోంచ బస్టాండు వెనక నాది చిన్న లేత్ దుకాణం. ట్రాక్టరు బుష్‌లు, బోరు పంపుల షాఫ్టులు, తల తెగిన బోల్టులు, ఇవే నా రోజువారీ పని. మా తాత ఊళ్లోవాళ్ల పొలాల్లో కూలి చేశాడు. నాకు ఇనుము కోయడం నేర్పింది మా ఉస్తాద్. వాళ్ల కుటుంబం ఎన్ని తరాలుగా ఇక్కడ ఉందో ఆయనకే తెలియదు. చూపు మందగించి లేత్ వదిలేశాడు కానీ, రోజూ వచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంటాడు. మిషన్ చప్పుడు విని నా తప్పు పట్టేస్తాడు. ఒళ్లు మండుతుంది. తీరా చూస్తే ఆయన చెప్పిందే నిజమవుతుంది.

మొన్నటి వానాకాలం ఒక మధ్యాహ్నం మా బావ వచ్చాడు. బావ అంటే అక్క మొగుడు. ట్రాలీ ఆటోలో బామ్ని మీదుగా ఇంద్రావతి మీది పాతగూడెం వంతెన దాకా కిరాణా సామాను చేరవేస్తుంటాడు. నన్ను ఏదో ఒకటి అని ఏడిపించందే కూర్చునే మనిషి కాదు. ఆ రోజు కూర్చోనూ లేదు, ఏమీ అననూ లేదు. గుడ్డలో చుట్టిన వస్తువొకటి బల్ల మీద పెట్టాడు.

"జర తీసియ్యి బామ్మర్ది. లోపల ఇరికింది."

విప్పి చూశాను. బయట మరలు కోసిన ఉక్కు గొట్టం, అరచేతిలో పట్టేంత. దాని లోపల ఇత్తడి బిగుసుకుపోయి ఉంది. ఎవరో పట్టకారుతో లాగి దాని అంచు చింపేశారు. ఇనుముతో ఇన్నేళ్లు కాపురం చేసినవాణ్ణి, అదేమిటో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పేలిన తూటా ఖాళీ ఇత్తడి గొట్టాన్ని మళ్లీ నింపాలంటే ముందు ఇలాంటి ఉక్కు అచ్చులో, అంటే డైలో నొక్కి పాత కొలతకు తేవాలి. నూనె రాయకుండా నొక్కితే ఇదిగో, ఇలా పట్టేస్తుంది.

మా వైపు పోలీసుల దగ్గర తుపాకులున్నాయి, అడవిలో తుపాకులున్నాయి, దుప్పుల కోసం ఇంద్రావతి దాటి వచ్చేవాళ్ల దగ్గరా ఉన్నాయి. ఇది ఎవరిదైనా సరే, నా బల్ల మీద దొరికితే బావా నేనూ జైలుకే.

"ఎవలిచ్చిండ్రు బావా?"

"వంతెన కాడ ఇచ్చిండ్రు. వద్దందామంటే, అననిచ్చేటోళ్లు కాదు. పొద్దుగూకే లోపల ఇయ్యాలె" అని బండెక్కి వెళ్లిపోయాడు.

ఉస్తాద్ చెయ్యి చాపాడు. డైని వేళ్లతో తడిమి, గోటితో ఇత్తడిని గీకి చూశాడు. ఎవరి వస్తువైనా సరే, మన చేతిలో చెడకూడదనేది ఆయన నియమం. వచ్చిన దానికంటే బాగై పోవాలి, అంచులు సాఫు చేసి, నూనె రాసి ఇవ్వాలి. ఒకసారి ఎవరిదో పానా మీద గీత పెట్టానని నా చెంప వాచేలా కొట్టాడు. అలాంటి మనిషి గొంతు తగ్గించి అన్నాడు:

"బేటా, దీనికి మంట పెట్టు."

నాకు అర్థం కాలేదు.

"గ్యాసు మంట బాగ తగిలితే ఉక్కు మెత్తబడుతది. ఇగ దేనికీ పనికిరాదు. కోశిష్ చేసిన, ఖరాబైంది అని చెప్పు. తిడితే తిట్టనియ్యి."

గ్యాసు వెలిగించాను. డైని పట్టకారుతో పట్టుకుని మంట ముందుకు తెచ్చాను కూడా. పెట్టలేకపోయాను. ఇంత చిన్న పని చేతగాక చెడగొట్టుకున్నాడని బావ ముందు, వంతెన దగ్గరున్న ఆ ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు అనిపించుకోవాలా? ఇరవై ఏళ్లు ఒకటి నేర్పి ఇవాళ ఇంకోటి చెబుతాడేమిటని ఉస్తాద్ మీద కోపం కూడా వచ్చింది. మంట ఆర్పేశాను.

ఇత్తడి అడుగున రంధ్రం వేసి, మరలు కోసి, బోల్టు ఎక్కించి, కొద్దికొద్దిగా బిగిస్తూ లాగాను. కిచ్చుమని కదిలింది. ఆ క్షణాన భయం లేదు, ఏమీ లేదు. పెళ్లిలో కూడా అంత సంతోషపడలేదేమో నేను. లోపల వేలు పెడితే సన్నని గరుకు తగిలింది. మళ్లీ పట్టేస్తుందని, ఎవరూ అడక్కుండానే దాన్ని అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేశాను.

"ఏం చేస్తున్నవ్ రా?" అన్నాడు ఉస్తాద్, ఆ చప్పుడు విని.

నేను చెయ్యి ఆపలేదు. ఆయన చేతికర్ర తీసుకుని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. పని అయిన రోజు సాయంత్రమే బావ వచ్చి దాన్ని చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

వారం తిరగకముందే మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో ఏమీ లేదు. గడ్డం మాసింది.

"పని మస్తు నచ్చిందట" అన్నాడు. "గింత సాఫుగ చేసినోడు ఎవడని అడిగిండ్రు. నేను చెప్పలే. మల్ల అడిగిండ్రు."

"చెప్పినవా?"

తల ఊపాడు. "గిసొంటి పనులు ఇంక చాన ఉన్నయట. మిషన్ కూడ వాళ్ల కాడ్నే ఉన్నదట. నిన్ను తోల్కరమ్మన్నరు."

"రానంటే?"

బావ నా మొహం చూడలేదు. బండి తాళంచెవి వేలికి తిప్పుతూ, "పొద్దున మీ అక్కను మంచిర్యాల బస్సెక్కించి వచ్చిన. ఇల్లు తెలుసు వాళ్లకు. ఎందుకు పంపుతున్నవని అడిగింది. ఏం చెప్పాలె? నువ్వే చెప్పు" అన్నాడు.

మిషన్ ఆపేశాను. సబ్బుతో చేతులు కడుక్కుని, షట్టరు దించి, వెళ్లి బావ పక్కన బండిలో కూర్చున్నాను.